ఒక్కసారే పంపుతారు

అమెరికాలో, షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో మా తెలుగువాళ్ళు సరోజగారి కొడుకు పేరెత్తడం ఎప్పుడో మానేశారు. ఆవిడ ఎదురైతే చలి గురించి మాట్లాడేవారు, చీరల గురించి మాట్లాడేవారు. చదువుకున్నవాళ్ళం కదా, మర్యాద తెలుసు. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్ళు మండేది.

శ్రీధర్‌కి పంతొమ్మిదేళ్ళప్పుడు, పంతొమ్మిది వందల ఎనభైలో, ఇద్దరు స్నేహితులు లిక్కర్ షాపు దోచుకోవడానికి వెళ్తే కారు నడిపింది వీడు. లోపల వాళ్ళు షాపు యజమానిని కాల్చి చంపారు. కారు దిగకపోయినా వీడికీ ఇరవై ఏళ్ళ శిక్ష పడింది. తండ్రి యజ్ఞనారాయణగారు వంతెనలు కట్టే ఇంజనీరు, రోజూ సంధ్య వార్చే మనిషి. తీర్పు విని ఇంటికి రాగానే, చావు కబురు విన్నట్టు తలమీంచి నీళ్ళు పోసుకున్నారు. ఆ తర్వాత కొడుకును చూడడానికి ఒక్కసారీ వెళ్ళలేదు.

సరోజగారు మాత్రం నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నారు. లారీలంటే హడలిపోయే మనిషి, రెండు వారాలకోసారి శనివారంనాడు మొక్కజొన్న చేల మధ్య నాలుగు గంటలు నడుపుకుంటూ జైలుకు వెళ్ళేవారు. తోడుగా పక్క సీట్లో ఎన్నోసార్లు నేనూ ఉన్నాను. వండినవేవీ లోపలికి తీసుకెళ్ళనివ్వరు. మెషీన్‌లో డబ్బులు వేసి చిప్స్ కొని, తల్లీకొడుకులు ఎదురెదురుగా కూర్చుని తినేవారు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నాలుగు ముక్కలు తెలుగు మాట్లాడనివాడు అక్కడ గడగడా మాట్లాడేవాడట, పక్క టేబుల్ వాళ్ళకు అర్థం కాదని.

"ఇంట్లో దొరకని కొడుకు జైల్లో దొరికాడు సుమతీ," అని ఒకసారి కారులో నవ్వారు ఆవిడ. నాకు నవ్వు రాలేదు.

ఎనభై అయిదు వసంతంలో యజ్ఞనారాయణగారికి లివర్ కాన్సర్ అన్నారు. ఇక కొద్ది వారాలే అన్నారు. సరోజగారు జైలుకు ఫోన్ చేస్తే వాళ్ళు ఒకటే మాట చెప్పారు. తండ్రి కోసం ఖైదీని ఒక్కసారే పంపుతాం, ఒక్క గంట. ఆస్పత్రికి పంపమంటారా, అంత్యక్రియలకు పంపమంటారా, మీ ఇష్టం.

ఆవిడ భర్తనే అడిగారు. ఆయన కిటికీవైపు చూస్తూ, "కర్మకు రమ్మను. ఉన్నది వాడొక్కడే కదా. బతికుండగా వాడితో నాకేం పని?" అన్నారు.

మావాళ్ళంతా అదే సబబన్నారు. తలకొరివి మాట వచ్చేసరికి అందరికీ శ్రీధర్ పేరు గుర్తొచ్చింది! నేను ఒక్కదాన్నే ఒంటికాలి మీద లేచాను. బతికున్న మనిషిని చూపించండి, పోయాక ఏం చూస్తాడు అన్నాను. సరోజగారు భర్త మాట జవదాటలేదు.

చివరి వారంలో ఆయన మాట మారింది. "వాడేడీ?" అని అడగడం మొదలుపెట్టారు. మందుల మత్తేమో అనుకున్నారు ఆవిడ. కానీ ఒక మధ్యాహ్నం పూర్తి తెలివిలో ఉండగానే, "సరోజా, వాణ్ణి ఒకసారి తీసుకురా. చూడాలనుంది," అన్నారు.

అప్పుడే ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. ఆవిడ తటపటాయించారు. ఇప్పుడు పిలిపిస్తే కర్మకు కొడుకుండడు. జన్మంతా నిష్ఠగా బతికిన మనిషి, రేపు నొప్పి తగ్గాక ఎందుకు పిలిచావంటారేమో. పొద్దున మళ్ళీ అడుగుదామనుకున్నారు. పొద్దున ఆయన కళ్ళు తెరవలేదు, మధ్యాహ్నంలోపే పోయారు.

అంత్యక్రియలకు శ్రీధర్ వచ్చాడు. ఇద్దరు గార్డులు, ముందుకు వేసిన బేడీలు. మంత్రాలు వచ్చిన అకౌంటెంట్ రాజగోపాల్‌గారు కర్మ చేయించారు. తండ్రి నోట్లో కుడిచేత్తో బియ్యం వెయ్యమంటే, ఎడమచెయ్యి కూడా వెంట వచ్చింది. సగం గింజలు నేలపాలయ్యాయి. వాడు వంగి ఏరబోతే గార్డు భుజం పట్టుకుని నిలబెట్టాడు. మావాళ్ళందరూ మర్యాదగా తలలు పక్కకు తిప్పుకున్నారు.

గంట అయిపోవస్తుండగా వాడు తల్లిని అడిగాడు. "అమ్మా, నాన్న నన్ను అడిగారా, ఎప్పుడైనా? జస్ట్ టెల్ మీ."

నేను పక్కనే ఉన్నాను. లేదని చెప్పెయ్యండి అని మనసులో అరిచాను.

"అడిగారు నాన్నా. చూడాలన్నారు. నేనే ఆలస్యం చేశాను," అన్నారు సరోజగారు.

వాడు తల్లివైపు చూడకుండానే వ్యాన్ ఎక్కాడు.

తర్వాతి శనివారం వెళ్తే, "మీ అబ్బాయి బయటికి రానంటున్నాడు," అన్నాడు గార్డు. ఆ పై విడతా అంతే. ఎండాకాలం పోయింది, చేలు కోసేశారు, వాడు రాలేదు. ఫోనూ లేదు. అయినా ఆవిడ వెళ్తూనే ఉన్నారు. కొడుకు రాకపోయినా, విజిటింగ్ టైమ్ అయిపోయేదాకా కుర్చీలోంచి లేచేవారు కాదు.

నాకు కోపం ఆగలేదు. "ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయేదండీ?" అన్నాను దారిలో.

"అడగలేదంటే వాడు నాకు మిగిలేవాడు సుమతీ. కానీ తనని చూడకుండానే పోవాలని నాన్న అనుకున్నారని, జన్మంతా లోపల పెట్టుకుని ఏడ్చేవాడు. ఆ తండ్రి ఆఖర్న వాణ్ణి చూడాలనుకున్నారు. ఆ మాట వాడిది. నా స్వార్థానికి దాచుకోనా?" రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నారు. నాకు ఆ పిల్లాడి మీద కోపం మాత్రం తగ్గలేదు.

డిసెంబర్‌లో మంచు కురుస్తుండగా వెళ్ళాం. గార్డు వచ్చి మామూలుగానే తల అడ్డంగా ఊపాడు. వెళ్ళబోతూ ఆగి, "రోడ్లు బాగా లేవట. ఇంత మంచులో డ్రైవ్ చేసుకుని రావద్దని మీకు చెప్పమన్నాడు," అన్నాడు.

కొడుకు నుంచి అన్ని నెలలకు వచ్చిన మొదటి మాట అది. సరోజగారు కుర్చీ అంచు పట్టుకుని లేచి నిలబడ్డారు.

"ఏమన్నాడు?" అన్నారు. "మళ్ళీ ఒకసారి చెప్పండి."