మాస్టారు అడిగిన పచ్చడి

మా మాస్టారు పోయారని గుంటూరు నుంచి ఫోనొచ్చేసరికి అమ్మ పండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. "అయ్యో, ఆయనకి నిజం చెప్పకపోతినే!" అంది. నాకు ఏడవాలో, అమ్మని కోప్పడాలో తెలియలేదు.

ఆయన నాకు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పారు. లోహాలు రాపిడికి అరుగుతూ తుప్పెలా పడతాయో కరెంటు కొలతలతో చూడడమంటే ఆయనకు పిచ్చి. ప్రత్తిపాడులో అమ్మ పచ్చళ్లు పట్టి అమ్మేది. తొంభైల చివర్లో స్టీలు పళ్లేల మధ్య మిరపకాయలు నూరే మర కొన్నాక పచ్చడి నల్లబడుతోందని నేనంటే, ఆ ఆదివారమే మీటరు సంచిలో వేసుకుని బస్సెక్కి వచ్చేశారు.

పచ్చడి ఊటలో స్టీలు ముక్క పెట్టి, తీగలు తగిలించి, రాయితో రుద్దారు. మీటరులో అంకె దబ్బున పడిపోయింది. రుద్దడం ఆపితే మెల్లగా పైకొచ్చింది.

"స్టీలు మీద కంటికి కనపడని పొర ఉంటుందమ్మా. రుద్దితే లేచిపోతుంది, ఆపితే మళ్లీ కట్టుకుంటుంది. ఈ ఉప్పూ పులుపూ దాన్ని సరిగా కట్టుకోనివ్వవు. ఇనుము పచ్చడిలోకి దిగుతుంది."

"అయితే నల్లబడేది అందుకేనాండీ?"

"అనుకుంటున్నాను. రాతి మరకి మారి చూడండి."

"ఇంత చదివీ అనుకోవడమేంటండీ!"

"కొలిచింది చెబుతానమ్మా. మిగతాది అనుకుంటాను," అని నవ్వారు. పచ్చళ్లమ్మే మనిషి ముందు కూడా అంత నిజాయితీగా ఉన్నందుకు ఆయనపట్ల నాకు ఎప్పటికీ కృతజ్ఞతే.

రాతికి మారిన మొదటి ఏడు పచ్చడి ఎర్రగానే ఉంది. మరుసటి ఏడు మళ్లీ నల్లబడింది. మాస్టారు వచ్చి, కాస్త నాలిక మీద వేసుకుని, మరలోని రాతిని తిప్పి తిప్పి చూశారు. అప్పటినుంచి ఏటా ఫోన్ చేసి అడిగేవారు, "రంగెలా ఉందమ్మా?" అని. ఒక ఏడు ఎరుపు, ఒక ఏడు నలుపు. ఎందుకో ఆయనకీ అంతుపట్టలేదు, మాకూ పట్టలేదు.

ఈ ఏడు ఆస్పత్రి మంచం మీదనుంచి అడిగారు. పచ్చడేమో నల్లగా ఉంది. అమ్మ మాత్రం "ఎర్రగా ఉందండీ. మీరన్నదే నిజమైంది," అంది. "అయితే ఒక సీసా పంపమ్మా," అన్నారాయన. అమ్మ కంగారుపడి పక్కింటివాళ్ల ఎర్ర పచ్చడి పంపింది.

పెద్దకర్మకి వెళితే మాస్టారి భార్య చెప్పారు: "మూత తీసి, నాలిక్కి రాసుకుని నవ్వారమ్మా. ఇది ఆవిడ చేతి పచ్చడి కాదన్నారు." ఆ నవ్వేమిటో ఆమెకీ తెలియదట. బాధపడ్డారా, క్షమించారా? నాకిప్పటికీ అర్థం కావడం లేదు.

ఆయన ఫోటో ముందు వేసిన ఆకులో ఆయనకిష్టమైనవన్నీ వడ్డిస్తున్నారు. అమ్మ చేతిసంచిలోంచి మా నల్ల పచ్చడి సీసా తీసింది.

"ఇదేంటమ్మా, మాడిపోయిందా?" అన్నారెవరో.

"కాదండీ. ఆయనడిగింది ఇదే," అంటూ తెల్లటి అన్నం పక్కన కొంచెం వేసింది.