కొల్లేటి గట్టున లినక్స్ పెట్టె

తాడేపల్లిగూడెంలో మా మేడమీది గదిలో ఆ చిన్న కంప్యూటర్ బోర్డు ఒక్కసారి కూడా మొరాయించలేదు. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది, అందులోనే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంది. చేపల చెరువులో ఆక్సిజన్ తగ్గగానే, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు వాటంతటవే తిరిగేలా దానికి ప్రోగ్రాం రాశాను. ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, కొల్లేటి పక్కన చెరువు చేస్తున్న మా లెక్కల టీచరుగారికి ఇచ్చాను. హైస్కూల్లో నాకు చదువు చెప్పినావిడ. రిటైరయ్యాక చెరువు ఆవిడే చూసుకుంటున్నారు.

వారం తిరక్కుండా ఫోన్. "అమ్మాయ్, నీ పెట్టె పడుకుంది."

గణపవరం మీదుగా బండేసుకుని వెళ్ళాను. కరెంటు పోయి వచ్చేసరికి మెమరీ కార్డు పాడైంది. కార్డు మార్చాను. మళ్ళీ కరెంటు పోయింది, మళ్ళీ పాడైంది. కొల్లేట్లో కరెంటు పోవడం వింతా? ఎన్నిసార్లు వెళ్ళానో! చివరికి బోర్డు అమ్మినాయనకి ఫోన్ చేశాను.

"అది డెవలప్‌మెంటుకండీ, ఇంట్లో పెట్టుకుని ప్రోగ్రాం రాసి చూసుకోడానికి. ప్రోడక్టులో పెట్టడానికి వేరే మోడల్ ఉంది."

"రెండింటికీ పనికొస్తుందని మీరే రాశారు కదండీ?"

"పనికొస్తుందండీ. కరెంటు సరిగ్గా ఉంటే."

ఒళ్ళు మండిపోయింది. అయినా ఆ వేరే మోడలే తెప్పించాను. మెమరీ బోర్డుకే అతికించి ఉంది, కార్డు గొడవ లేదు. తీరా చూస్తే అందులో లినక్స్ వేరు. నా ప్రోగ్రాం ఆక్సిజన్ కొలిచే సెన్సారుతో మాట్లాడనంది. సగం మళ్ళీ రాశాను. పెట్టెకి పచ్చ లైటు కూడా పెట్టి, "ఇది వెలుగుతుంటే నిశ్చింతగా ఉండండి" అని టీచరుగారికి చెప్పి వచ్చాను.

తర్వాత ఒక మబ్బు పట్టిన తెల్లవారుజామున ఆవిడ గట్టు మీదికి వెళ్తే, పచ్చ లైటు వెలుగుతూనే ఉందట. ఏరేటర్లు మాత్రం ఆగి ఉన్నాయి. చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలుతున్నాయి. ఆవిడే పరుగెత్తి స్విచ్ వేశారు. నేను వెళ్ళేసరికి చచ్చిన బొచ్చె చేపలు గట్టు పక్కన కుప్పగా పడున్నాయి. లినక్స్ నడుస్తోంది, అందుకే లైటు వెలిగింది; లినక్స్ మీది నా ప్రోగ్రాం మాత్రం బిగుసుకుపోయింది. తప్పు నాదో, బోర్డుదో ఇప్పటికీ తేలలేదు.

టీచరుగారు కేకలెయ్యలేదు. వేసినా బాగుండేది.

"పడుకుంటే లేపుకుంటాను. మేలుకున్నట్టు నటిస్తే ఎలా లేపేది, అమ్మాయ్?" అన్నారు.

ఆ పచ్చ లైటు పీకేశాను. పెట్టెలో ఇంకో చిన్న సర్క్యూట్ పెట్టాను. అందులో లినక్సూ లేదు, ఏమీ లేదు. ప్రోగ్రాం నుంచి కాసేపు పలుకు రాకపోతే అదే ఏరేటర్లు ఆన్ చేసి, సైరన్ మోగిస్తుంది. ఆవిడ ఎదుటే ప్రోగ్రాం ఆపి చూపించాను. సైరన్‌కి కొంగలన్నీ ఎగిరిపోయాయి. అప్పటినుంచి చేప పోలేదు. కానీ ఇంత కష్టపడి తెచ్చుకున్న లినక్స్ మీద కాపలాకి ఇంకోదాన్ని పెట్టాల్సి వచ్చిందే అని నాకు ఉక్రోషం పోలేదు.

మొన్న వెళ్ళినప్పుడు అడిగాను. "రెండో చెరువుకి కూడా పెట్టమంటారాండీ?"

ఆవిడ మేత బస్తా మూతి కడుతూ, తలెత్తకుండానే అన్నారు. "ముందు దీన్ని ఒక వానాకాలం దాటనియ్యి."