కొసరుగా ఇచ్చిన సీసా

కామారెడ్డిలో మా బాపుది కిరాణా దుకాణం. బెల్లం కొన్నవాళ్లకు చిన్న బెల్లం ముక్క, పల్లీలు కొన్నవాళ్లకు గుప్పెడు పుట్నాలు, ఏదో ఒక కొసరు చేతిలో పడకుండా ఆ గడప ఎవరూ దిగేవారు కాదు. గిరాకీ మొహంలో కాస్త వెలితి కనబడితే చాలు, మా బాపు చేయి దానంతటదే డబ్బాలోకి పోయేది. నేను ఎమ్మెస్సీ చదివి, వరి తెగుళ్ల మీద పరిశోధనకు దిగి, తెల్లకోటు వేసుకున్నా ఆ చేయి మాత్రం నాకు ఆస్తిలో వాటాలాగా వచ్చింది.

బేరం కూడా వచ్చిందనుకోండి. అరవై మళ్లలో నమూనాలు తీయమన్న మా గైడుతో ముప్పై దగ్గర మొదలుపెట్టి నలభై రెండు దగ్గర తెగ్గొట్టాను. జీవితంలో నేను బేరమాడకుండా సంతకం పెట్టిన కాగితం ఒక్కటే ఉంది. యూనివర్సిటీలో పరిశోధకులందరి చేతా పెట్టించుకునే ప్రవర్తనా నియమావళి. పదకొండు పేజీలు. దాంట్లో నాకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదనిపించి, చివరి పేజీ తిప్పి సంతకం చేసి ఇచ్చేశాను.

అప్పట్లో ఎల్లారెడ్డిలో ఒక గది తీసుకుని ఉండేదాన్ని. అక్కడి కాలేజీలో పాఠాలు చెప్పడం, మిగతా పొద్దంతా చుట్టుపక్కల మళ్లలో తిరగడం. ముప్పై ఎనిమిదేళ్లొచ్చి పెళ్లికాని ఆడమనిషి ఎండిన వరి ఆకులు ఏరి కవర్లలో వేసుకుంటుంటే జనం మర్యాదగానే దూరంగా ఉంటారు. నాకు ‘తెగుళ్ల మేడం’ అని పేరు పడింది. ఆదివారాలు మరీ పొడుగ్గా ఉండేవి. ఆటో అతనితో బేరం కుదిరిపోయాక కూడా ఇంకో నాలుగు మాటలు సాగదీసేదాన్ని. గీచి గీచి బేరమాడుతుందని అతను అనుకునేవాడు. మాట్లాడే మనిషి దొరికాడని నేను సాగదీస్తున్నానని అతనికి ఎలా తెలుస్తుంది.

ఆ ఊళ్లో నాకంటూ కూర్చునే చోటు ఒక్కటే, బస్టాండు దగ్గర ఒక విత్తనాలు, ఎరువుల దుకాణం. దుకాణదారు నాకంటే ఐదారేళ్లు చిన్న. గది చూపించింది, రైతులకు పరిచయం చేసింది అతనే. సాయంత్రం పోతే స్టూలు వేసి, చాయ్ తెప్పించి, “అక్కా, ఇయ్యాల ఎన్ని రోగాలు దొరికినయ్?” అని అడిగేవాడు. ఆ మాట కోసం నేను పొద్దున్నుంచి ఎదురుచూసేదాన్నని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

నా పనిలో ముఖ్యమైనది వరికి వచ్చే ఎండాకు తెగులు. తెగులును తట్టుకుంటుందని పేరున్న రకం మీద కూడా విరుచుకుపడే సూక్ష్మజీవి ఒకటి ఒక మడిలో దొరికింది. దాన్ని వేరు చేసి, వేలెడంత గాజు సీసాల్లో పెంచి, అనుమతితో కాలేజీ ఫ్రిజ్‌లో ఒక అరలో పెట్టుకున్నాను. అది చేతిలో ఉంటే ఇంకా గట్టి విత్తనం తయారుచేయొచ్చు. అదే సీసాతో పచ్చటి మళ్లను ఎండబెట్టనూ వచ్చు. సీసాకు తేడా తెలియదు, పట్టుకున్నవాళ్లకు తెలియాలి. ఇంత బాగా అప్పుడు నాకూ తెలియదు.

ఒకరోజు దుకాణదారు ఇచ్చిన ఆకుల నమూనా చూసి, ఫలితం కాగితం మీద రాసి తీసుకెళ్లాను. ఆ రోజు ల్యాబులో పోల్చి చూసిన సీసాలు రెండు నా సంచిలోనే ఉన్నాయి. ఫ్రిజ్‌లో పెట్టి రావలసింది, చాయ్ వేళ దాటిపోతుందని తెచ్చేశాను. అతను కాగితం అటూ ఇటూ తిప్పి, “గింతేనా అక్కా” అన్నాడు. మొహంలో వెలితి. నా చేయి సంచిలోకి పోయింది. “ఇదిగో, నీ దొంగ ఇట్ల ఉంటది” అని ఒక సీసా తీసి చేతిలో పెట్టాను. అతను అడగలేదు. అడిగి ఉంటే, అడిగాడు కాబట్టి ఇచ్చానని చెప్పుకునేదాన్ని.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే చాయ్ గ్లాసు అందిస్తూ చెప్పాడు.

“నువ్విచ్చిన సీసా పనికొచ్చిందక్కా.”

“దేనికి?”

“డెమోకు. కాలువ కింది అవ్వ మడిల రెండు సాళ్లకు పెట్టిన. ఆకులు ఎండుడు షురువైంది. ఇగ కంపెనీ మందు కొట్టి అందరికి చూపిస్త.”

కాలువ కింద ఒక పెద్దామె పొలంలో మూల ఒకటి అడిగి, కంపెనీ కొత్త మందు పేరుతో బోర్డు పాతాడని నాకు తెలుసు. ఆ వానాకాలం ఆమె మడికి తెగులే రాలేదు. రాకపోయేసరికి బోర్డు ఊరికే నిలబడి ఉంది. ఆమెకు చెప్పావా అని అడిగాను.

“చెప్తే ఒప్పుకుంటదా? రోగమే లేకుంటే మందెట్ల అమ్ముడుపోతది. నువ్వు దుకాణపోళ్ల బిడ్డవు, నీకు తెల్వదా.”

తెలుసు. అతని మాటలో తర్కం నాకు ఎక్కడా గుచ్చుకోలేదు, అందుకే భయం వేసింది. నా లోపలి దుకాణం కూడా ఒక్క క్షణం తల ఊపింది.

అప్పుడు నేను చేసింది నాకు వచ్చిన పనే. బేరం. సీసా వెనక్కి ఇవ్వాలి, రెండు సాళ్లూ పీకాలి అన్నాను. సీసా ఇస్తాను, సాళ్లు వారం ఆగి పీకుతానన్నాడు. రెండు కాదు నాలుగు సాళ్లు, అదీ ఈ రోజే అన్నాను. బోర్డు మాత్రం ముట్టుకోవద్దన్నాడు. చివరికి నాలుగు సాళ్లు పీకి కాల్చేటట్టు, బోర్డు ఉండేటట్టు, ఇద్దరమూ ఎవరికీ చెప్పకుండా ఉండేటట్టు తెగింది. అతను మాట మీద నిలబడ్డాడు, మధ్యాహ్నం కాకముందే పీకేశాడు. సగం ఖాళీ అయిన సీసాను సంచిలో వేసుకుని, గట్టి బేరమే చేశాననుకుంటూ కామారెడ్డి బస్సెక్కాను.

కిటికీ పక్క సీటు దొరికింది. దారి పొడుగునా మళ్లు. ఒక మడి ఒడ్డుకు గండి, ఆ గండిలోంచి నీళ్లు కింది మడిలోకి, దాని గండిలోంచి ఇంకో మడిలోకి. ఈ తెగులు నీళ్లతో పాటే పోతుందని ఆ వారమే పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. పీకిన నాలుగు సాళ్ల కింద నీళ్లు మూడు వారాలుగా పారుతూనే ఉన్నాయి. ఇంకొకటి కూడా అప్పుడే తట్టింది. మేమిద్దరం అంతసేపు బేరమాడింది మాది కాని దాని గురించి. మడి గలామె మా బేరంలోనే లేదు.

ఫోనులో ఆ పదకొండు పేజీలు వెతికి తెరిచాను. తాడ్వాయి వచ్చేసరికి ఆఖరి పేజీకి వచ్చాను. మేలుకు పనికొచ్చేదే కీడుకూ పనికొస్తుంది కాబట్టి, అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వకూడదని ఉంది. చేయి దాటితే వెంటనే చెప్పాలని ఉంది. దాచడం మొదటి తప్పుకంటే పెద్దదని ఉంది. కింద నా సంతకం, చాలా అందంగా.

చెప్తే ఆరేళ్ల పని ఆగిపోవచ్చు. అతని చాయ్ ఎలాగూ ఆగిపోతుంది. చెప్పకపోతే ఒక పొలం, దాని కింద ఇంకెన్నో మళ్లు. ఎంత తిప్పి చూసినా దీన్ని నలభై రెండు దగ్గర తెగ్గొట్టే వీలు కనబడలేదు. కామారెడ్డి బస్టాండులో దిగి, ఇంటికి పోకుండా, మా గైడుకు ఫోన్ చేశాను. ఆయన ముందు సీసా ఎక్కడుందని అడిగి, సంచిలోంచి తీయొద్దన్నారు. తర్వాత, జరిగింది జరిగినట్టు రాసి కమిటీకి పంపమన్నారు. అంతకంటే ముందు ఆ రైతుకు చెప్పమన్నారు. ఫోన్‌లో కాదు, పోయి చెప్పమన్నారు. వచ్చిన బస్సులోనే వెనక్కి ఎక్కాను.

అవ్వ ఒడ్డు మీద గడ్డి కోస్తోంది. పీకిన మూల ఆమె అప్పటికే చూసింది, మందు కోసం పీకారేమో అనుకుందట. నేను నిలబడే చెప్పాను. కొడవలి ఆపి వింది.

“అంటే గా రోగం నువ్వు పెంచినవా?”

“పెంచిన అవ్వా. దానికి గట్టి విత్తనం చేద్దామని.”

“మరి గాయనకెందుకిచ్చినవ్?”

ఊరికే ఇచ్చిన అన్నాను.

“మడి నాది గద బిడ్డా,” అంది అవ్వ, గొంతు పెంచకుండా. “మీ ఇద్దర్ల ఎవ్వలన్న ఒక్కలు నన్ను అడుగొద్దా?”

మళ్లీ గడ్డి కోయడం మొదలుపెట్టింది. పోవాలో ఉండాలో తెలియక నేను అక్కడే నిలబడ్డాను.

మర్నాడు యూనివర్సిటీ నుంచి మనుషులు వచ్చారు. నాలుగు సాళ్లు చాలవన్నారు. ఆ మూలంతా పీకించి, కాల్చి, గండి పూడ్పించారు. ఆమెకు పరిహారం రాశారు. బోర్డు పోయింది. సజీవ నమూనాలు నేను ముట్టుకోకూడదని, కోత దాకా ప్రతి వారం ఆ పొలాన్నీ కింది మళ్లనూ చూసి నివేదిక పంపాలని నాకు కాగితం వచ్చింది. ఈసారి ప్రతి వాక్యమూ చదివి సంతకం పెట్టాను. దుకాణదారు నన్ను తిట్టలేదు, తిడితే బాగుండేది. నేను బస్టాండులో దిగినప్పుడల్లా ఏదో బస్తా సర్దుకుంటూ అటు తిరిగేవాడు. స్టూలు లోపల పెట్టేశాడు. నేను అటు పోవడం మానేశాను. బండి దగ్గర ఒక్కదాన్నే నిలబడి తాగే చాయ్ మీద బేరానికి కూడా నోరు రాలేదు.

ఆ రెండు నెలలూ నేను నోరు తెరిచి మాట్లాడింది అవ్వతోనే. అవీ పెద్ద మాటలు కావు. కాలువ నీళ్లు ఎప్పుడు ఇడుస్తరట, పందులు వచ్చినయా, ఇట్లాంటివి. వరుస వరుసనా ఆకు అంచులు చూసుకుంటూ పోతుంటే ఆమె ఒడ్డు మీద వెనకాలే వచ్చేది, నా కళ్ల మీద నమ్మకం లేక తనూ చూసేది. నాకు అది తోడులాగా ఉండేది. ఆమెకు కాపలా.

కోతకు ముందు ఆఖరి వారం మళ్లన్నీ తిరిగాను. ఎక్కడా ఎండాకు లేదు. ‘లక్షణాలు లేవు’ అని పుస్తకంలో రాసి, అవ్వకు చూపించాను. ఆమెకు చదువు రాదు, అయినా ఆ పేజీని చాలాసేపు చూసింది.

“గండం గడిచినట్టేనా?”

“గడిచిందవ్వా.”

“అయితే ఇగ నువ్వు రావు గద?”

తిట్టు కాదు అది, కోపం కూడా కాదు. వాన ఎప్పుడు వెలుస్తుందని అడిగినట్టు, ఉత్త ఆశ.

“రాను” అన్నాను.

అవ్వ తల ఊపి, కోతకు మనుషులను మాట్లాడటానికి ఊళ్లోకి నడిచింది. నేను ఒడ్డు మీద కూర్చుని బూట్లకంటిన బురద గీక్కున్నాను. బస్సుకు ఇంకా గంట టైముంది.