నిమ్మగడ్డి నూనె, మా మావయ్యగారి పంతం

మొన్న మా చిన్నమ్మాయి దోమలకని కొన్న సీసా మూత తీసిందో లేదో, నిమ్మగడ్డి వాసన గుప్పుమంది. నాకు నవ్వూ, గుండెదడా ఒక్కసారే వచ్చాయి.

తొంభైల చివరి మాట. పెదకాకాని దగ్గర మా అత్తవారిల్లు. పెద్దమ్మాయికి అయిదో నెల, నాకు పాలు చాలక మా గేదె పాలే పట్టేవాళ్లం. వాకిట్లో గేదె నీళ్ల తొట్టి నిండా, పక్కన మురుగ్గుంట నిండా దోమ పిల్లలు గిలగిల్లాడేవి, పసిదాని ఒళ్లంతా దద్దుర్లు. అద్దంకి వైపు మెట్టచేలో నిమ్మగడ్డి వేసి నూనె తీయించే మా అన్నయ్య ఒక సీసా తెచ్చి, ఉయ్యాలకు దూరంగా గుడ్డ మీద రెండు చుక్కలు వేయమనీ, మురుగ్గుంటలో సబ్బునీళ్లతో కలిపి పొయ్యమనీ చెప్పి వెళ్లాడు.

మా మావయ్యగారికి ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి పత్తికి మందు కొట్టిన మనిషాయె! "గడ్డినూనెకే దోమలు చస్తే, మేమిన్నాళ్లూ మందు డబ్బాలు మోసింది దేనికమ్మా?" అన్నారు. మర్నాడు పొద్దున్నే, చేలో కొట్టగా మిగిలిన పురుగుమందు మూతెడు తొట్టిలో పోసి, తిరిగొచ్చాక నీళ్లు మార్చేద్దాంలే అనుకుని, ఎవరికీ చెప్పకుండా పొలం వెళ్లిపోయారు.

మా అత్తగారికేం తెలుసు, గేదెను విప్పి తొట్టి దగ్గరకు తోలారు. అది మూతి పెట్టి, బుస్సుమని వెనక్కి తగ్గింది. ఆవిడ తిడుతూ మళ్లీ ముందుకు తోస్తుండగా, పొలంలో ఉన్నట్టుండి భయం పట్టుకున్న మావయ్యగారు పంచె ఎగ్గట్టుకుని, చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చారు. "ఆపవే! అందులో మందు పోశాను, తప్పు నాదే!" అని ఊరంతా వినేట్టు అరిచారు.

తాగిందో లేదో తెలియదు. పొద్దున పితికి పాపకు పట్టిన పాలు తలుచుకుని, అవి మందు పోయకముందువే అని తెలిసీ, ఉయ్యాల దగ్గరకు పరుగెత్తి పాపను ఎత్తుకున్నాను. పశువుల డాక్టరు వచ్చి సాయంత్రం దాకా కూర్చున్నాడు. పొద్దు వాలే వేళకు గేదె తాపీగా నెమరు వేసింది, ఇక భయం లేదన్నాడు. హమ్మయ్య! నేను దాని మెడ పట్టుకుని ఏడ్చేశాను.

ఆ నీళ్లు ఎవరూ ముట్టకుండా ఊరవతల గొయ్యి తీసి పోసి, తొట్టిని పగలగొట్టించారు. మురుగ్గుంటలో నూనె కలిపింది కూడా మావయ్యగారే. మర్నాడు వంగి చూసి, "పర్లేదమ్మాయ్, మీ అన్న గడ్డి పనిచేసింది!" అన్నారు.

ఇప్పుడు ఆయనా లేరు, గేదే లేదు. అన్నిటికీ సీసాలు వచ్చాయి, ఎన్ని చుక్కలో వాటి మీదే రాసుంటుంది. కానీ ఆవేళ ఆయన పరువు చూసుకుని చేలోనే ఉండిపోయుంటే? అలా అరుస్తూ పరుగెత్తుకొచ్చే పెద్దవాళ్లు ఇప్పుడెంతమంది ఉన్నారో నాకు తెలియదు, ముప్పైకి దగ్గరపడుతున్న మా పెద్దమ్మాయి మాత్రం, "ఆ గేదె కథ ఎన్నిసార్లు చెబుతావమ్మా!" అని మొన్న నన్ను విసుక్కుంది.