నీలిగీతలు పడేదాకా

లాల్‌పేట్ బొగ్గుగనిలో మా తాత ల్యాంప్ రూమ్‌లో పనిచేసేవాడు. కిందికి దిగే ప్రతి మనిషికీ ఒక ల్యాంపు ఇచ్చి, పైకొచ్చాక తిరిగి తీసుకునేవాడు. ఒక్క ల్యాంపు రాకపోయినా మనిషి ఇంకా కిందే ఉన్నాడని అక్కడి నుంచి కదిలేవాడు కాదట.

నా చిన్నప్పుడు నేను ఫోన్ పట్టుకుంటే కసిరిన ఆ మనిషే ఇప్పుడు రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో మా అందరికీ విడివిడిగా పువ్వు బొమ్మలు పంపుతాడు. చూసినట్టు నీలిగీతలు పడేదాకా ఫోన్ కింద పెట్టడు. పడకపోతే కాల్ చేస్తాడు. నాకు ఒళ్లు మండి, ఆ గీతలు కనబడకుండా సెట్టింగ్ మార్చేశాను.

మర్నాడు ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకుంటే, ఎవరో నేనుండే అద్దె రూమ్ తలుపు బాదారు. తీస్తే తాత, చెమటతో తడిసిపోయి ఉన్నాడు.

"ఏంది తాతా, పొద్దుగాల పొద్దుగాల ఈ లొల్లి? గీతలు పడకుంటే సచ్చినట్టా?"

"గట్ల అనకు బిడ్డా. ఫోన్ గూడ ఎత్తకపోతివి."

"పండుకున్న. ఇంకోసారి గిట్ల పరేషాన్ చేస్తే నంబరే మారుస్త."

తాత గడప మీదనే కూలబడి, గట్టిగా ఊపిరి వదిలి నవ్వాడు.

"తిట్టు బిడ్డా, ఇంకా తిట్టు. గిప్పుడు నా పానం నిమ్మలమైంది."