కూతకొచ్చిన రన్నింగ్ బ్యాక్

జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో మా పై అంతస్తులోకి ఒక కెనడా ఆటగాడు అద్దెకు వచ్చాడు. వాళ్ల ఫుట్‌బాల్‌లో బంతిని చంకన పెట్టుకుని, మీదికొచ్చేవాళ్లను తప్పించుకుంటూ పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ అతను. అక్కడ కొన్నేళ్లు జీతానికి ఆడాడు. మోకాలు దెబ్బతిన్నాక జట్టు వద్దనుకుంటే, ఇంకొన్నాళ్లయినా ఆడాలని ఇక్కడి చిన్న క్లబ్బులో చేరాడు.

ఒక ఆదివారం పార్కులో మేము తెలుగువాళ్లం కబడ్డీ ఆడుతుంటే ఆగి చూశాడు.

"బంతి ఏది?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"బంతి లేదు. నువ్వే బంతివి" అన్నాను.

నవ్వుతూ బూట్లు విప్పేశాడు. కూత ఆపకుండా పరుగెత్తడం రాక మొదట ఊరికే అవుటయ్యాడు. కాసేపటికి పట్టు దొరికింది. ఇద్దరిని తాకి, మెరుపులా గీత వైపు తిరిగాడు. కరీంనగర్‌లో కాలేజీ జట్టుకు ఆడిన అలవాటు నన్ను ఆగనివ్వలేదు. దూకి అతని చీలమండ పట్టుకున్నాను.

"ఇడువకు అక్కా!" అంటూ మావాళ్లంతా అతని మీద పడ్డారు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. "అయ్యో, మోకాలు!" అని అరిచాను.

అందరి కిందినుంచి పెద్ద నవ్వు వినిపించింది. "మోకాలు బాగానే ఉంది. దెబ్బ తగిలినప్పటినుంచి ఆడుతూ నవ్వడం ఇదే మొదలు" అన్నాడు.

ఆ సీజన్ తర్వాత అతను ఆట మానేసి, అదే క్లబ్బులో కోచ్ అయ్యాడు. ఆదివారాలు మాత్రం మావే. ఇప్పుడు ఒక్కోసారి నన్నూ తప్పించుకుంటాడు. అప్పుడు చేతులెత్తి పార్కంతా చుట్టి వస్తుంటే, కుక్కలను తిప్పే ముసలివాళ్లు కూడా చప్పట్లు కొడతారు.