గోల చేస్తేనే స్పోర్ట్సు కారు

మా తమ్ముడికి ఒకటే పిచ్చి. ఎంత గోల చేస్తే అంత స్పోర్ట్సు కారంటాడు. వాడి డొక్కు కారు సైలెన్సరుకి పిడికిలి దూరేంత చిల్లు. వీధి మొదట్లో స్టార్టు చేస్తే మా వంటింట్లో గిన్నెలు గలగలలాడతాయి. వేగమా? సైకిలు తొక్కే పిల్లలు దాటిపోయి, వెనక్కి తిరిగి మరీ నవ్వుతారు.

నా మనవడు ఫోనులో ఏదో కారు చూపించాడు.

"చిన్నతాతయ్యా, ఇప్పటి స్పోర్ట్సు కార్లు కరెంటువి. అసలు చప్పుడే చెయ్యవు."

"మా ఫ్రిజ్జయినా గుర్రుమంటుందిరా! దానికన్నా తీసికట్టన్నమాట!"

ఇరుగుపొరుగుల తిట్లు పడలేక, వీడు జ్వరంతో ముసుగుతన్నిన రోజు మా మరదలు మెకానిక్కు చేత కొత్త సైలెన్సరు వేయించేసింది. లేచి తాళం తిప్పాడో లేదో, వీడి మొహం మాడిపోయింది.

"ఏమైందే నా కారుకి?"

"బాగుపడింది."

"బాగుపడ్డం కాదే, మూగబోయింది!"

ఆ పొద్దున నన్ను పళ్ళ డాక్టరు దగ్గర దించాలి. మూల మలుపులో కుర్చీలు అల్లే ఆయన చేతికర్రతో నిలబడున్నాడు. పాపం, చూపు లేదు. కొట్టు చూస్తే ఊరికి ఆ చివర. వీడు సరిగ్గా ఆయన ముందే కారాపాడు. ఆయన ఉలకడు, పలకడు. చినుకులు మొదలయ్యాయి.

"పిలవరా మొద్దూ, తడిసిపోతున్నాడు!"

"ఇష్‌! పిలిస్తే ఎక్కడు అక్కా. జాలిపడుతున్నామని రోషం. రోజూ నా కారు చప్పుడు విని తనే చెయ్యెత్తుతాడు. 'ఇంజను వేడెక్కినట్టుంది, కాసేపు ఆపుకో' అంటాడు. ఎలాగూ ఆపాను కదా, ఎక్కమంటాను."

ఓరి నీ దుంపతెగ! ఇందుకా ఇన్నాళ్ళూ మా చెవులకి చిల్లులు పొడిచావు?

"మరిప్పుడెలారా?"

వీడు కిటికీలోంచి తల బయటికి పెట్టి, "డుర్ర్ర్ర్..." అన్నాడు. నోటితో! ఊపిరందక మధ్యలో ఆగితే, నేనందుకున్నాను. ఏం చెయ్యను, వాన పెద్దదవుతోంది.

ఆయన చెయ్యెత్తాడు. ఎక్కి కూర్చుని, "ఇంజనుకి గొంతు బొంగురుపోయిందేమిటోయ్‌?" అన్నాడు.

"జలుబు చేసింది."

కొట్టు దాకా వంతులవారీగా డుర్రుమంటూనే ఉన్నాం. నా దవడలు పడిపోయాయి. ఇంక డాక్టరు ముందు నోరు తెరిచినట్టే!

ఆయన దిగి, తలుపు మెల్లిగా వేసి, కిటికీ దగ్గరికి వంగాడు.

"రేపు పాత సైలెన్సరే పెట్టించవయ్యా. మీ అక్కగారికి గేర్లు మార్చడం చేతకావట్లేదు."